నలభైమూడో గడి

వేంకటరమణమూర్తి మీద విశాలాక్షికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన తప్పు చెయ్యడు. పెళ్ళయిన నాటినుంచీ ఒక్క తప్పు చేసిన పాపాన పోలేదు. అనకాపల్లి బస్సు అందకపోతే అది బస్సు ముందుగా వచ్చెయ్యడంవల్ల. గొడుగు ఎక్కడో మరిచిపోతే అది గొడుగు తలుపు వెనక నక్కడంవల్ల. చారులో ఆమె వేసిన ఉప్పు చాలదని ఆయన మరికాస్త వేసుకుని, తినలేకపోతే, అది ఈ ఊరి ఉప్పు గల్లు మరీ పెద్దది కావడంవల్ల. చుట్ట లేదు, పేకాట లేదు, గట్టిగా కేకెయ్యడం లేదు. ఇరుగమ్మా పొరుగమ్మా చేరి మొగుళ్ళని ఆడిపోసుకునే వేళ విశాలాక్షి దగ్గర సరుకే ఉండేది కాదు. “మా ఆయనది ఎప్పుడూ తప్పుండదు” అని ఆమె నిట్టూరిస్తే వాళ్ళు “అదృష్టవంతురాలివమ్మా” అనేవారు. అది మొర అని ఒక్కరికీ తోచలేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆయన బడినుంచి భోజనానికి వచ్చి, పీట మీద కూచుని, గోంగూర పచ్చడి కలుపుకుంటూ తనలో తాను నవ్వుకున్నాడు.

“ఇవాళ క్లాసులో ఒక విచిత్రం జరిగింది. మనకి పాలు తెచ్చే పిల్ల, నూకరత్నం లేదూ?”

“ఏం, ఉంది.”

“మూలకాల పటం వల్లెవేయిస్తున్నాను.”

ఆ పటం సంగతి విశాలాక్షికి తెలుసు. ఊళ్ళో సైన్సు మేష్టరుగా ఈయన ఎంత పేరు పొందేడో ఆ పటమూ అంత పేరు పొందింది. గుడ్డ మీద అంటించిన కాగితం, పైనా కిందా కర్ర రూళ్ళు. ఈయనకి చదువు చెప్పిన గురువుగారు రిటైరవుతూ చేతిలో పెట్టి వెళ్ళినది. హైడ్రోజను నుంచి యురేనియం దాకా ఒక్కో గడిలో ఒక్కో మూలకం. ఎక్కాలు వల్లించినట్టు క్లాసంతా దాన్ని వరసగా రాగం తీస్తుంది. ఆ రాగం బజారు దాకా వినపడుతుంది.

“మాలిబ్డినం దాటగానే ఆ గుంపులో ఒక గొంతు తగ్గుతోంది. ఇంకోసారి చెప్పించేను. అక్కడే తగ్గింది. ఆ పిల్లని ఒక్కర్తినీ లేపి చెప్పమన్నాను. గడగడా చెప్పుకొచ్చి, ‘నలభైరెండు మాలిబ్డినం’ అని నోరు మూసుకుంది. నలభైమూడేదే అంటే ఏమందో తెలుసా? ‘అది భూమ్మీద లేదంటండి. నచ్చత్రంలో ఉడుకుతాదంట’ అంది!” ఆయన మళ్ళీ నవ్వేడు. “క్లాసు గొల్లుమంది.”

విశాలాక్షి నెయ్యి వెయ్యబోతూ గరిటె అలాగే పట్టుకుంది. “అప్పుడు మీరేం చేసేరు?”

“ఎవరు చెప్పేరే నీకు అన్నాను. చెప్పదు. బెంచీ ఎక్కు అన్నాను. అన్నాల గంట కొట్టేదాకా నించుంది గాని నోరు విప్పలేదు. పెంకె ఘటం. సోమవారం మీ అయ్యని తీసుకురా అన్నాను.”

ఓణీ వేసుకున్న పిల్ల. కింద మగపిల్లలందరూ కూచుని మొహాలు పైకెత్తి చూస్తుంటే, బెంచీ మీద. విశాలాక్షి నెయ్యి వెయ్యకుండానే గిన్నె కింద పెట్టింది.

“నేను చెప్పేను.”

“ఏమిటీ?”

“ఎవరు చెప్పేరని అడిగేరు కదా. నేను.”

ఆయన ముద్ద నోటి దగ్గరే ఆగింది.

“మొన్న పాలు పోస్తూ ఆగి, రష్యావాళ్ళు ఆకాశంలోకి వదిలిన బంతి మన ఊరినుంచి కనపడుతుందా అమ్మగారూ అని అడిగింది. మాటలో మాట వచ్చింది. నక్షత్రంలో ఏ లోహం ఉందో వెళ్ళి చూడకుండా ఎలా తెలుస్తుంది అంది. మంచి ప్రశ్న కదా! పొయ్యిలో చిటికెడు ఉప్పు వేసి చూపించేను, మంట పసుపుపచ్చగా మారింది. ఒక్కో సరుకు వెలుగు మీద ఒక్కో గుర్తు వేస్తుంది, పట్టకంలోంచి చూస్తే గీతలు గీతలుగా కనపడతాయి అన్నాను. మేం కాలేజీలో చూసినవే. ఆ తరవాత మన రామచంద్రం చెప్పిన ఎర్ర నక్షత్రం సంగతి చెప్పేను.”

రామచంద్రమూర్తి ఆమె తమ్ముడు. వాల్తేరులో వెలుగు గీతల మీదే పరిశోధన చేస్తున్నాడు.

“పటంలో ఉందిగా విశాలా. మసూరియం. కళ్ళెదురుగా అచ్చులో.”

“అదే చెప్తున్నాను. మీ పటం అచ్చయ్యేనాటికి జర్మనీలో ఎవరో కనిపెట్టేం అన్నారు, పేరు పెట్టేసేరు, పటాలవాళ్ళు గడి నింపేసేరు. ఆ తరవాత ఎవరు వెతికినా దొరకలేదు. బారసాల అయింది గాని బిడ్డ పుట్టలేదు. చివరికి మనుషులే యంత్రంలో పుట్టించుకుని టెక్నీషియం అని వేరే పేరు పెట్టుకున్నారు. అది నిలవుండే సరుకు కాదు. పుట్టిన దగ్గరనుంచీ తరిగిపోతూ ఇంకోటిగా మారిపోతుంది. భూమి పుట్టినప్పుడు ఉంటే గింటే ఎప్పుడో హరించుకుపోయింది. అలాంటిది ఆ ముసలి ఎర్ర నక్షత్రం వెలుగులో దాని గీతలు కనపడ్డాయి. పాతదైతే ఈపాటికి ఉండకూడదు. ఉందీ అంటే అక్కడ ఇప్పుడు తయారవుతోందన్నమాట. వెండీ బంగారమూ లాంటి బరువు సరుకంతా ఇలా నక్షత్రాల్లో తయారైనదే అని ఈ మధ్యే లెక్కలు కట్టేరట.”

“లెక్కలు కట్టేరట!” ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. “పరీక్షలో పటం అడుగుతారు గాని మీ తమ్ముణ్ణి అడగరు. బెంచీ ఎక్కించడం ఆ పిల్ల మంచికే.”

తప్పు ఈసారి నక్షత్రానిది.

*

మర్నాడు పొద్దున్న పాలు రత్నం తేలేదు. దాని తల్లి చిన్నమ్మి తెచ్చింది. చెంబు దించి, పాలు కొలిచి పోస్తూ తల ఎత్తలేదు.

“రత్నం ఏదీ?”

“ఇంక రాదమ్మగోరూ. ఆళ్ళయ్య గానుగ కాడ ఎట్టీసినాడు.”

చిన్నమ్మి మొగుడు బంగార్రాజుకి వడ్డాది దారిలో చెరుకు తోట ఉంది. పుష్యం రాకముందే గానుగ కట్టి బెల్లం వండుతాడు.

“బడో?”

“బడేటి? మేష్టారికే ఎదురు సెప్పిన గుంటకి సదువేటని పుస్తకాలట్టుకెళ్ళి అటకెక్కించీసినాడు. తప్పయిపోనాది అనవే, మేష్టారి కాళ్ళట్టుకుందాం అంతే అన్నదు. నాను తప్పు సెప్పలేదు అంతాది. పోనీ ఎవులు నేర్పినారో సెప్పవే అంతే, అదీ సెప్పదు.”

“ఎందుకు చెప్పలేదు చిన్నమ్మీ? నేను చెప్పేనని చెప్తే సరిపోను కదా!”

చిన్నమ్మి అప్పుడు తల ఎత్తింది. అమ్మగారికి ఇంత మాత్రం తెలీదా అన్నట్టు చూసింది.

“మీరు పొయ్యిలో ఉప్పేసి సూపించినప్పుడు నానూ గుమ్మంలోనే ఉన్నాను కదమ్మా. నాకు తెల్దా? నానూ సెప్పలేదు. మేష్టారి ఇంట్లో మనిసే మేష్టారి మాటకి అడ్డం సెప్పిందని క్లాసులో అందరికీ తెలిస్తే, ఆయన పరువేటవుద్ది?”

విశాలాక్షి పాలగిన్నె పట్టుకుని నిలబడిపోయింది. పదిహేనేళ్ళ పిల్ల. బెంచీ మీద నిలబడి, నవ్వే మొహాల మీదుగా ఎదటి గోడని చూస్తూ, ఎవరి పరువు కాపాడింది? తనని బెంచీ ఎక్కించినవాడి పరువు! ఆయన ఇంటికొచ్చి గోంగూర కలుపుకుంటూ ఆ ముచ్చట నవ్వుతూ చెప్పేడు. ఆమెకి ఒళ్ళంతా మండింది. మండినా పాలు పొయ్యి మీద పెట్టక తప్పదు కనక పెట్టింది.

“ఆళ్ళయ్య దిమ్మట్టుకొని మీ ఇంటికొత్తానంతన్నాడు,” అంది చిన్నమ్మి వెళ్తూ వెళ్తూ.

“దిమ్మేమిటి?”

“మావోళ్ళలో ఒక పద్దతున్నాదమ్మా. గానుగ కట్టినాక మొదటి బెల్లం దిమ్మ దేవుడికి. రెండోది తగువు పడ్డ గుమ్మానికి. దిమ్మ ఎవులు ఎదటోళ్ళ సేతిలో ఎడితే ఆళ్ళది తప్పు. పుచ్చుకున్నోళ్ళది ఒప్పు. ఇంక ఆ తగువు ఊసు ఎవులూ ఎత్తకూడదు.”

మధ్యాహ్నం ఈ మాటలన్నీ విశాలాక్షి భర్తకి అప్పజెప్పింది. ఆయన కాస్త కలవరపడ్డాడు. బడి మాన్పించమని ఆయన అనలేదు. ఎవరి చదువూ ఆగడం ఆయనకి ఇష్టం లేదు. అలాంటి మనిషి కాడు. అదే ఆమెకి మరీ కోపం.

“రేపు ఆదివారమే కదా. నేనే వెళ్ళి చెప్తాను. ఏదో తెలిసీ తెలియని పిల్ల. నేను క్షమించేనని చెప్తే బంగార్రాజు పంపిస్తాడు.”

“క్షమిస్తారా?” అంది విశాలాక్షి.

“మరి? మనసులో పెట్టుకుంటానా?”

“నేనూ వస్తాను,” అంది ఆమె. “క్షమించడం ఎలా ఉంటుందో చూడాలని ఉంది.”

*

ఎండ ఎక్కకముందే బయల్దేరేరు. తోట చేరకముందే తియ్యటి ఆవిరి వాసన ఎదురొచ్చింది. ఎడ్లు గానుగ చుట్టూ తిరుగుతున్నాయి. రసం ధార కట్టి కడవలో పడుతోంది. పందిరి కింద గొయ్యి పొయ్యి మీద మనిషి పడుకునేంత పెనం, దాన్నిండా కుతకుత ఉడుకుతున్న రసం. బంగార్రాజు పెద్ద గరిటెతో తెట్టు తీస్తున్నాడు. పొయ్యి నోటి దగ్గర నూకరత్నం గొంతుకు కూచుని, ఎండిన చెరుకు పిప్పి కర్రతో లోపలికి నెడుతోంది. ఓణీ నడుముకి బిగించి కట్టింది. నుదుటి మీద మసి. మేష్టారిని చూడగానే లేచి నిలబడింది. కర్ర మాత్రం వదల్లేదు.

“రండి రండి మేష్టారండి! అమ్మగోరు కూడా ఒచ్చినారే! ఒసే చిన్నమ్మీ, మంచం వాల్చు!” బంగార్రాజు గరిటె ఇంకొకడి చేతికిచ్చి, చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చేడు. “తప్పయిపోనాది బాబూ. మీ అంతటోరు నడిసి రావాలేటి, నాను రావాల గాని.”

“ఫరవాలేదు బంగార్రాజూ. చిన్నపిల్ల. నేనేమీ అనుకోలేదు. సోమవారం నుంచి బడికి పంపు.”

“అలాగెలాగండి? అది తప్పని సెప్పాల గదా.” కూతురి వైపు తిరిగేడు. “ఒసే రత్నం, మేష్టారి ముందర ఆ పాటం మొత్తం సెప్పు. ఆపినావంతే వీపు పగిలిపోద్ది.”

రత్నం కర్ర ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుంది. హైడ్రోజను దగ్గర ఎత్తుకుంది. ఎడ్లు తిరుగుతున్నాయి. రసం ఉడుకుతోంది. తెట్టు తీసేవాడు చెయ్యి ఆపి వింటున్నాడు. ఇనుము వచ్చింది, రాగి వచ్చింది. జిర్కోనియం, నయోబియం. “నలభైరెండు మాలిబ్డినం.”

ఆగింది.

“సెప్పే!”

రత్నం పొయ్యి వైపు చూసింది. పిప్పి తరిగి మంట తగ్గుతోంది. వంగి రెండు చేతుల పిప్పి లోపలికి తోసి మళ్ళీ నిలబడింది. నోరు విప్పలేదు.

“ఒక్క మాట అనేస్తే అయిపోతుందమ్మా,” అన్నాడు వేంకటరమణమూర్తి మెత్తగా.

 బంగార్రాజు చెయ్యి ఎత్తేడు. అప్పుడే చిన్నమ్మి ఆముదం ఆకుల్లో బెల్లం పట్టుకుని మధ్యలోకి వచ్చింది. కావాలనే వచ్చింది. గానుగ దగ్గరకొచ్చిన మనిషిని నోరు తియ్యన చెయ్యకుండా పంపకూడదు. ఆ మర్యాదకన్నా ఏ తగువూ పెద్దది కాదు. బంగార్రాజు చెయ్యి దిగింది.

విశాలాక్షి ఒక ఆకు అందుకుని భర్త చేతిలో పెట్టింది. ఎంత వేడిగా ఉందో మాత్రం చెప్పలేదు. ఆయన గబుక్కున ఒక ముక్క తుంచి, వేళ్ళు విదిలించి, ఉఫ్ ఉఫ్ అని ఊదుకున్నాడు.

“అబ్బ! ఇప్పుడే దించినట్టున్నారే!”

“మీరెలా చెప్పగలరు?” అంది విశాలాక్షి. “దించుతూంటే మీరు చూడలేదు కదా.”

“చూడాలా? చెయ్యి కాలితే తెలీదూ! నిన్నటిదైతే చల్లారిపోయి ఉండును. ఇంత వేడిగా ఉందంటే ఇప్పుడు వండినదే…”

మాట చివర మింగేసేడు. ఆకు కేసి చూసేడు. పెనం కేసి చూసేడు. ఆ తరవాత రత్నం కేసి చూసేడు. రత్నం మాత్రం అమ్మగారి కేసి చూస్తోంది. దాని పెదవి చివర చిన్న కదలిక. నవ్వు కాదు.

“ఆ నక్షత్రంలో అది ఇంకా చల్లారలేదు,” అంది విశాలాక్షి ఆయనకి మాత్రమే వినపడేలా. “పొయ్యి వెలుగుతోంది.”

ఆయన బెల్లం తినడం పూర్తి చేసేడు. ఆకు మడిచి పక్కన పెట్టేడు.

“పిల్లని రేపు బడికి పంపు బంగార్రాజూ,” అన్నాడు చివరికి.

“తప్పని సెప్పలేదు గదండీ.”

“అదీ… అది తరవాత చూద్దాం.”

“తరవాతేటి బాబూ?” బంగార్రాజు నిజంగానే బాధపడ్డాడు. “తప్పు జరిగినాక అది ఎవులిదో ఒకలిది అవ్వాల గదా. మేష్టారిది తప్పవ్వదు. మరింక గుంటదే. అది ఒప్పుకోకుండా పంపిస్తే నా పరువేటి, మీ పరువేటి?”

వేంకటరమణమూర్తి నోరు తెరిచేడు.  ఆయన ఆ నోటితో “వస్తాం” అన్నాడు.

దారి పొడుగునా ఆమె నాలుగడుగులు ముందే నడిచింది. తెలియక అన్నవాడి మీద కోపం ఒక రకం. తెలిసింది, చెయ్యి కాలి మరీ తెలిసింది, అయినా మింగేసేడు. ‘తప్పు నాది’ అని రెండు మాటలు అంటే ఏం పోతుంది? పంచె జారిపోతుందా? ఆ పిల్లకి మాత్రం రేపటి చదువు పోతుంది. చెరుకు బండి ఒకటి ఎదురొస్తే ఆయన “జాగ్రత్త” అని ఆమె మోచెయ్యి పట్టి పక్కకి తప్పించేడు. ఆమె చెయ్యి విడిపించుకుంది.

*

సోమవారం మధ్యాహ్నం ఆయన బడినుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని పీట మీద కూచున్నాడు. విశాలాక్షి అన్నం పెట్టింది. పప్పు వేసింది. వంకాయ కూర వేసింది. ఆపైన గోడకి చేరబడి కూచుంది.

“చారేదీ?”

“పటంలో ఉంది. భూమ్మీద లేదు.”

ఆయన ఆమె వైపు చూసి, కూరతోనే ముగించుకుని, మజ్జిగ అడగడానికి ధైర్యం చాలక కాసేపు కంచంలో గీతలు గీస్తూ కూచున్నాడు.

“ఆ పిల్ల రాలేదు ఇవాళ.”

“వస్తుందని ఎవరన్నారు?”

“పటం చెప్పించేను. నలభైమూడు దగ్గరికి వచ్చేసరికి మగపిల్లలందరూ ‘మసూరియం’ అని గోల పెట్టి అరిచేరు. ఆ పిల్ల కూచునే చోటు వైపు తిరిగి అరిచేరు. నవ్వేరు.”

“మీరేం చేసేరు?”

“ఏం చెయ్యను?” ఆయన గొంతు తగ్గింది. “సరిగ్గా చెప్పేరుగా వాళ్ళు. పటంలో ఉన్నట్టు.”

విశాలాక్షి లేచి మజ్జిగ తెచ్చి పోసింది. మజ్జిగే. చారు ఇవ్వలేదు.

*

మంగళవారం ఆమె వాకిట్లో ముగ్గు పూర్తి చేసి చెయ్యి దులుపుకుంటూ ఉండగా వీధి మలుపులో బంగార్రాజు కనపడ్డాడు. ఉతికిన పంచె కట్టేడు. నెత్తి మీద తుండుగుడ్డ చుట్ట, దాని మీద అరిటాకు కప్పిన బెల్లం దిమ్మ. వెనకాల చిన్నమ్మి, పాల చెంబుతో. ఇద్దరి వెనకా రత్నం. తల దువ్వి, నూనె రాసి, జడ వేసేరు. మేష్టారి కాళ్ళ మీద పడెయ్యడానికి తీసుకొస్తున్నారు.

దారిలో అడిగినవాళ్ళకి అడిగినట్టు చెప్పుకుంటూ వచ్చినట్టున్నాడు బంగార్రాజు. ఎదురింటి మంగాయమ్మగారు చీపురు పట్టుకుని అరుగు మీదకి వచ్చేసింది. పక్కింటి కిటికీ తెరుచుకుంది.

విశాలాక్షి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆ దిమ్మ గడప దాటితే, ఇంక ఈ జన్మలో ఈ సంగతి ఎవరూ ఎత్తకూడదు. తప్పు ఆ పిల్లదై, అలాగే గడ్డకట్టి, దిమ్మలాగే ఉండిపోతుంది.

“తప్పుకో విశాలా,” అన్నాడు ఆయన వెనకనుంచి. బడికి వెళ్ళడానికి లాల్చీ వేసుకుని వచ్చేడు.

ఆమె కదల్లేదు. ఆయన ఆమె భుజం పక్కనుంచి సందు చేసుకుని వాకిట్లోకి దిగేడు.

బంగార్రాజు దిమ్మ దించి రెండు చేతులా ముందుకి చాపేడు. “బాబూ, మొదటి దిమ్మలు నిన్న కట్టినాం. దేవుడిది దేవుడికి ఇచ్చీసినాను. ఇది మీది. గుంట నోటంట రాకపోతే దాని బదులు నాను సెప్తన్నాను. పుచ్చుకోండి.”

వేంకటరమణమూర్తి పుచ్చుకున్నాడు.

విశాలాక్షి కళ్ళు మూసుకుంది. చిన్నమ్మి హమ్మయ్య అనడం వినపడింది. మంగాయమ్మగారి చీపురు మళ్ళీ అరుగు మీద గీసుకోవడం వినపడింది. ఆ తరవాత ఎందుకో చీపురు ఆగింది.

కళ్ళు తెరిచేసరికి ఆయన బరువుకి కాస్త వంగి, దిమ్మ మోసుకుంటూ బంగార్రాజుని దాటి, చిన్నమ్మిని దాటి, రత్నం ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. దిమ్మ దాని చేతుల్లో పెట్టేడు. అది బిత్తరపోయి, వదిలితే కింద పడుతుందని రెండు చేతులా పొట్టకి ఆనించి పట్టుకుంది.

“ఏటి బాబూ ఇది!” బంగార్రాజు మొహం పాలిపోయింది. “తిప్పి ఇచ్చీసినారేటి? కోపం పోలేదా మీకు?”

ఆయన ఏదో గొణిగేడు.

“ఏటండీ?”

“కాస్త గట్టిగా చెప్పండి,” అంది విశాలాక్షి గుమ్మంలోంచి. “పాపం, గానుగ హోరులో ఉండే మనిషి. ఆయనకి వినపడలేదు. ఎదురింటి మంగాయమ్మగారికీ వినపడినట్టు లేదు.”

వేంకటరమణమూర్తి ఒకసారి వెనక్కి తిరిగి భార్యని చూసేడు. గొంతు సవరించుకున్నాడు. క్లాసులో పటం ఎత్తుకునేటప్పుడు పెట్టే గొంతు, బజారు దాకా వినపడే గొంతు, అదే పెట్టేడు.

“దిమ్మ ఎవరు చేతిలో పెడితే వాళ్ళది తప్పు అన్నారుట కదా బంగార్రాజూ. అందుకే పెట్టేను. నీ కూతురు చెప్పినదే నిజం. నలభైమూడో గడి తప్పు. అది తప్పని తెలిసేక కూడా నోరు మూసుకున్నాను చూడు, అది ఇంకా పెద్ద తప్పు. రెండూ నావే.”